సోషల్ మీడియాకి కొత్తవాళ్లకి నేర్పించడం ఎలా? ఫోన్ వాళ్ల చేతిలోనే ఉంచి మొదలుపెట్టండి

మొదటిసారి మా పెద్దమ్మకి సోషల్ మీడియా "నేర్పించినప్పుడు" నాకు పది నిమిషాలు కూడా పట్టలేదు. ఫోన్ తీసుకున్నాను, యాప్ వేశాను, అకౌంట్ తెరిచాను, ఒక ఫోటో పెట్టాను, మళ్లీ ఆవిడ చేతికిచ్చి "ఇక చూస్కో పెద్దమ్మా" అన్నాను. వారం తర్వాత అడిగితే ఒక్కసారే తెరిచిందట. "తెరిస్తే ఎవరెవరో వస్తున్నార్రా. వాళ్లెవరో తెలీదు, నన్నేం చెయ్యమంటున్నారో తెలీదు. భయమేసి మూసేశాను" అంది.

ఆవిడకి నేను యాప్ ఇచ్చాను గానీ అదెందుకో చెప్పలేదు. పైగా చేసిందంతా నా వేళ్లే, ఆవిడ వేళ్లు కావు. ఆ తర్వాత ఇంకొందరికి నేర్పాను. కొందరికి బాగా వచ్చింది, కొందరికి రాలేదు. వచ్చినవాళ్లందరిలో ఒకటే కనిపించింది: అప్పటికే వాళ్ల మనసులో ఉన్న ఏదో ఒక కోరిక మొదటి వారంలోనే దీనివల్ల తీరింది. సోషల్ మీడియా విలువ గురించి గంటసేపు చెప్పడం కన్నా అలాంటి ఒక్క అనుభవం ఎక్కువ పని చేస్తుంది. కింద రాసిన మెట్లన్నీ ఆ అనుభవం త్వరగా దొరకడానికీ, అది దొరికేలోపు దెబ్బ తగలకుండా ఉండడానికీ.

మొదటి మెట్టు: యాప్ సంగతి తర్వాత, ముందు కోరిక అడగండి

"ఫేస్‌బుక్ కావాలా, ఇన్‌స్టాగ్రామ్ కావాలా?" అని అడగకండి. కొత్తవాళ్లకి ఆ రెండు పేర్లూ ఒకటే. ఈ మూడు ప్రశ్నలు అడిగి చూడండి. ఎవరి సంగతులు తెలుసుకోవాలని ఉంది? ఏం నేర్చుకోవాలని ఎప్పటినుంచో అనుకుంటున్నారు? మీకు తెలిసిన పనీ, మీరు చేసే పనీ ఎవరికైనా తెలియాలని ఉందా?

జవాబు ఎలా వస్తే యాప్ అలా తేలుతుంది. దూరంగా ఉన్న పిల్లలతో, దగ్గరివాళ్లతో రోజూ మాట్లాడాలంటే వాట్సాప్ చాలు. చిన్నప్పటి స్నేహితులు ఎక్కడున్నారో వెతకాలంటే ఫేస్‌బుక్, ఎందుకంటే ఎక్కువమంది అక్కడ అసలు పేరుతోనే ఉంటారు. కుట్టుపనో, వీణో, కంప్యూటరో నేర్చుకోవాలంటే యూట్యూబ్. దానిలో అకౌంట్ కూడా లేకుండా మొదలుపెట్టొచ్చు కాబట్టి బెరుకుగా ఉండేవాళ్లకి నేను ముందు అదే చూపిస్తాను. ఉద్యోగం వెతుక్కునేవాళ్లకి లింక్డ్‌ఇన్. బొమ్మలు గీసేవాళ్లు, చేత్తో వస్తువులు తయారుచేసేవాళ్లు తమ పని చూపించుకోవాలంటే ఇన్‌స్టాగ్రామ్. వార్త పుట్టిన నిమిషంలో తెలియాలనుకునేవాళ్లకి ఎక్స్, అంటే 2023 దాకా ట్విట్టర్ అని పిలిచినదే.

మొదటి నెల ఒక్క యాప్ చాలు. ఎంత ఉత్సాహం చూపించినా రెండోది వేయకండి. ఒక యాప్‌లో గుండ్రంగా ఉండే గుర్తు ఇంకో యాప్‌లో చదరంగా ఉంటుంది, ఇక్కడ "ఫ్రెండ్" అన్నదాన్ని అక్కడ "ఫాలోవర్" అంటారు. రోజూ వాడే మనకి అది లెక్కలోకి రాదు. వాళ్లకి అక్కడే తల తిరుగుతుంది.

"ఇవన్నీ ఎందుకు, నాకు కావలసినవాళ్లకి ఫోన్ చేసుకుంటాగా" అనేవాళ్లుంటారు. ఆ మాటని కొట్టిపారేయకండి, అందులో న్యాయముంది. దగ్గరివాళ్లకి ఫోనే మేలు. సోషల్ మీడియా పనికొచ్చేది ఫోన్ చేసేంత దగ్గర కానివాళ్ల విషయంలో. పాత ఆఫీసులో పక్క సీటాయన, కాలేజీలో ఒక ఏడాది కలిసి చదివినావిడ, ఒకసారి ప్రయాణంలో పరిచయమైన కుటుంబం. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ ఉద్యోగాలు మారినవాళ్లను అడిగి 1973లో ఒక సంగతి బయటపెట్టాడు: తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో ఎక్కువమందికి ఆ కబురు చెప్పింది రోజూ కలిసే ఆప్తులు కాదు, ఎప్పుడో ఒకసారి కలిసే ముఖపరిచయస్థులు. మన ఆప్తులకు తెలిసింది దాదాపుగా మనకీ తెలిసే ఉంటుంది, కొత్త కబురు రావాలంటే కాస్త దూరపువాళ్ల నుంచే రావాలి. అలాంటి దూరపు పరిచయాలు ఒకప్పుడు మూడు నాలుగేళ్లలో చెదిరిపోయేవి. ఇప్పుడు పుట్టినరోజుకి ఒక్క మాట రాసినా నిలబడతాయి. విలువ ఎక్కడుందని నన్నడిగితే ముందు చూపించేది దీన్నే.

రెండో మెట్టు: ఇది ఎక్కడిదో అయిదు నిమిషాల్లో చెప్పండి

చరిత్ర ఎందుకు అనుకోవద్దు, భయం పోగొట్టడానికి. పేపర్లో, టీవీలో ఒకరు చెప్తే వేలమంది వింటారు. ఫోన్లో ఒకరు చెప్తే ఒకరు వింటారు. సోషల్ మీడియాలో వినేవాళ్లందరూ చెప్పొచ్చు కూడా. తేడా అంతే. 1997లో వచ్చిన సిక్స్‌డిగ్రీస్ ఇలాంటివాటిలో మొదటి తరం సైట్. 2004 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ హార్వర్డ్ విద్యార్థుల కోసం మొదలై, 2006 సెప్టెంబర్‌లో పదమూడేళ్లు దాటిన ఎవరైనా చేరేలా తలుపులు తెరిచింది. ఇంత చెప్తే చాలు.

యూట్యూబ్ మొదటి వీడియో సంగతి మాత్రం తప్పక చెప్పండి, వీలైతే చూపించండి. 2005 ఏప్రిల్ 23న పెట్టారు, నిడివి 19 సెకన్లు. దాన్ని స్థాపించినవాళ్లలో ఒకడైన జావెద్ కరీం ఒక జూలో ఏనుగుల ముందు నిలబడి, వీటి తొండాలు భలే పొడుగ్గా ఉన్నాయని చెప్తాడు. అంతే, అయిపోయింది. "నాకేం తెలుసని పెట్టాలి?" అనేవాళ్లకి ఇది చూపిస్తే నవ్వేస్తారు. ఆ నవ్వుతో సగం బెరుకు దిగిపోతుంది.

మూడో మెట్టు: గది, అరుగు, నడివీధి

ఈ ఒక్క మెట్టు సరిగ్గా ఎక్కిస్తే మిగతావి కాస్త అటూ ఇటూ అయినా పరవాలేదు. అందుకే దీనికి ఎక్కువ టైం ఇవ్వండి, రెండు రోజులు పట్టినా సరే.

కొత్తవాళ్లు చేసే తప్పుల్లో ఎక్కువ శాతం ఒకే చోట పుడతాయని నా అనుభవం: తాము రాస్తున్నది ఎవరెవరు చూస్తారో తెలియకపోవడం. మా బంధువుల్లో ఒకాయన తన తోడల్లుడి ఫోటో కింద "మలబద్ధకం తగ్గిందా? ఆ మందు మానొద్దు" అని ఎంతో ప్రేమగా రాశాడు. ఆయన దృష్టిలో అది తోడల్లుడికి రాసిన ఉత్తరం. చూసింది మాత్రం ఆ తోడల్లుడి ఆఫీసంతా. ఆ కామెంట్‌కి పద్దెనిమిది నవ్వు గుర్తులు వచ్చాయి, ఇద్దరూ నెలరోజులు మాట్లాడుకోలేదు.

కాబట్టి ఇలా చెప్పండి. ఒకరికొకరు పంపుకునే మెసేజ్ తలుపు వేసిన గదిలో మాట. గ్రూపులో రాసేదీ, స్నేహితులకి మాత్రమే కనిపించేలా పెట్టేదీ అరుగు మీద మాట: అక్కడ కూర్చున్నవాళ్లందరూ వింటారు, వాళ్లలో ఒకరిద్దరు నీకు తెలియనివాళ్లు కూడా కావచ్చు. పబ్లిక్ పోస్టు నడివీధిలో మైకు పట్టుకుని చెప్పిన మాట. ఏది రాసేముందైనా నేను గదిలో ఉన్నానా, అరుగు మీదున్నానా, వీధిలో ఉన్నానా అని ఒక్కసారి చూసుకోవాలి.

దీన్ని మాటగా వదిలేయకుండా గుర్తులు చూపించండి. ఫేస్‌బుక్‌లో పోస్టు దగ్గర భూగోళం బొమ్మ ఉంటే నడివీధి, మనుషుల బొమ్మ ఉంటే అరుగు, తాళం బొమ్మ ఉంటే నీకు మాత్రమే. తాళం బొమ్మ పెట్టించి వాళ్లచేతే ఒక పోస్టు రాయించండి. మీ ఫోన్లో అది కనిపించడం లేదని చూపించండి. తర్వాత వాళ్లచేతే మనుషుల బొమ్మకి మార్పించండి. ఇప్పుడు మీ ఫోన్లో వచ్చింది చూడండి అనండి. ఈ చిన్న గారడీ చేసే మేలు పది పేజీల వివరణ చెయ్యదు.

తర్వాత ఈ మెలికలు ఒక్కొక్కటే చెప్పండి. కామెంట్ మనం రాసినా ఇల్లు మనది కాదు. పోస్టు పెట్టినవాళ్లు దాన్ని వీధిలో పెడితే, కింద మనం రాసినదీ వీధిలోనే ఉంటుంది. వాట్సాప్ గ్రూపులో చేరితే మన ఫోన్ నంబర్ అందులో ఉన్నవాళ్లందరికీ కనిపిస్తుంది. వాట్సాప్ స్టేటస్ మామూలుగా మన దగ్గర వాళ్ల నంబర్, వాళ్ల దగ్గర మన నంబర్ సేవ్ అయి ఉన్న అందరికీ వెళ్తుంది, గ్యాస్ సిలిండర్ తెచ్చే అతనికీ, ఎప్పుడో ఇల్లు చూపించిన బ్రోకర్‌కీ. ఇంటికి తాళం వేసి ప్రయాణం వెళ్తున్నామని స్టేటస్ పెట్టేముందు ఈ జాబితా గుర్తు రావాలి. తిరిగొచ్చాక పెట్టినా ఫోటోలు అంతే బాగుంటాయి.

గది మాట కూడా నూరుపాళ్లు గదిలోనే ఉండిపోదు. వాట్సాప్‌లో 2016 ఏప్రిల్ నుంచి మెసేజ్‌లన్నీ పంపినవాళ్లకీ అందుకున్నవాళ్లకీ తప్ప మధ్యలో ఎవరూ చదవలేని పద్ధతిలో వెళ్తున్నాయి, ఇది నిజమే. కానీ అందుకున్నవాళ్లు స్క్రీన్‌షాట్ తీసి ఇంకొకరికి పంపితే ఆ తాళం ఏం చేస్తుంది? "అందరికీ డిలీట్" నొక్కేలోపు ఎవరైనా చదివేసి ఉండొచ్చు. ఇది చెప్పేటప్పుడు మరీ భయపెట్టకండి. ఉత్తరాల కాలంలోనూ ఇంకొకరి ఉత్తరం చదివేవాళ్లు ఉన్నారు కదా.

నాలుగో మెట్టు: అకౌంట్ వాళ్లచేతే తెరిపించండి

ఇక్కడ నేను చేసిన ఇంకో తప్పు చెప్పాలి. తొందరలో ఒకరికి నా మెయిల్ ఐడీతో అకౌంట్ తెరిచాను. ఆర్నెల్ల తర్వాత వాళ్లు పాస్‌వర్డ్ మర్చిపోతే కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోవడానికి లింకు నాకొచ్చింది. నేను ప్రయాణంలో ఉన్నాను, అందరం ఒకరినొకరం విసుక్కున్నాం. ఫోన్ నంబర్, మెయిల్, పాస్‌వర్డ్ అన్నీ వాళ్లవే ఉండాలి.

పాస్‌వర్డ్ పొడుగ్గా ఉండాలి. సంబంధం లేని నాలుగు మాటలు కలిపి రాస్తే గుర్తుంటుంది, ఊహించడం కష్టం. పేరూ పుట్టిన సంవత్సరం కలిపి పెట్టొద్దు. కాగితం మీద రాసుకోవచ్చా అని అడుగుతారు. ఇంట్లో బీరువాలో పెట్టుకుంటే రాసుకోవచ్చనే నేనంటాను. పదిచోట్ల ఒకే పాస్‌వర్డ్ పెట్టడం కన్నా అది ఎంతో నయం.

టూ స్టెప్ వెరిఫికేషన్ తప్పకుండా ఆన్ చేయించండి. పాస్‌వర్డ్ తెలిసినా రెండో తాళం లేకుండా లోపలికి రాలేరు. వాట్సాప్‌లో దీనికి ఆరంకెల పిన్ పెట్టుకోవాలి. నంబర్ నమోదు చేసేటప్పుడు ఎస్ఎమ్ఎస్‌లో వచ్చే ఆరంకెల కోడ్ వేరు, ఈ పిన్ వేరు. ఇవి రెండూ కలగలిసిపోతాయి, రెండుసార్లు చెప్పండి. "పొరపాటున నా కోడ్ మీకొచ్చింది, కాస్త పంపండి" అని తెలిసినవాళ్ల నంబర్ నుంచే మెసేజ్ వస్తే అది మోసమే. ఆ తెలిసినవాళ్ల అకౌంట్ అప్పటికే పోయిందన్నమాట.

గ్రూపుల్లో ఎవరు పడితే వాళ్లు చేర్చకుండా ప్రైవసీ సెట్టింగ్స్‌లో "నా కాంటాక్ట్స్" అని మార్పించండి. ఒక్క నిమిషం పని. తెలియని పెట్టుబడి గ్రూపులు చాలావరకు అక్కడే ఆగిపోతాయి.

పిల్లలకి నేర్పిస్తుంటే వయసు దగ్గర అబద్ధం చెప్పించకండి. పెద్ద యాప్‌లలో చాలావాటికి కనీస వయసు 13 ఏళ్లు. ఆస్ట్రేలియా అయితే 2025 డిసెంబర్ నుంచి పదహారేళ్లలోపువాళ్లకి అకౌంట్లు ఇవ్వకూడదని ప్రధాన సోషల్ మీడియా సంస్థలకి చట్టం పెట్టింది.

అయిదో మెట్టు: మొదటి వారం చూడడమే

ఏమీ రాయక్కర్లేదని ముందే చెప్పేయండి. ఆన్‌లైన్ సమూహాల గురించి వెబ్‌సైట్ల వాడకంపై పరిశోధించే జేకబ్ నీల్సన్ 2006లో చెప్పిన ఒక మోటు లెక్క ఉంది, 90-9-1 అంటారు. వందమందిలో తొంభైమంది చదివి ఊరుకుంటారు, తొమ్మిదిమంది అప్పుడప్పుడు ఏదో ఒకటి రాస్తారు, ఎక్కువ భాగం రాసేది ఒక్కరే. అన్నిచోట్లా అచ్చంగా ఇంతే అని కాదు గానీ, మౌనంగా చూసేవాళ్లదే మెజారిటీ అన్నమాట నిజం. ఊరికే చూస్తున్నానని ఎవరూ సిగ్గుపడక్కర్లేదు.

పదిమందిని ఫాలో చేయించండి, అంతకంటే వద్దు. అందులో సగం మనుషులు, సగం వాళ్లకి ఇష్టమైన విషయాలు.

లైక్ మర్యాద కూడా ఈ వారమే చెప్పాలి. ఫేస్‌బుక్‌లో లైక్ బొటనవేలు 2009లో వచ్చింది. ఎవరో పోయారని రాసినా కింద బొటనవేలే నొక్కాల్సి రావడం అందరికీ ఇబ్బందిగా ఉండేది. 2016లో బాధ, కోపం, నవ్వు, ఆశ్చర్యం లాంటి గుర్తులు చేర్చారు. ఇప్పటికీ కొత్తవాళ్లు మరణవార్త కింద బొటనవేలు నొక్కుతారు, "చూశాను" అని వాళ్ల ఉద్దేశం. కన్నీటితో నవ్వే బొమ్మని ఏడుపు అనుకుని నొక్కేవాళ్లూ ఉన్నారు, అది ఇంకా ప్రమాదం. వేలితో నొక్కి పట్టుకుంటే గుర్తులన్నీ ఎలా వస్తాయో చూపించి, ఒక్కొక్కదాని అర్థం చెప్పండి.

ఆరో మెట్టు: ఫీడ్ ఎవరు పేరుస్తున్నారు?

మా పెద్దమ్మ అడిగిన "ఎవరెవరో వస్తున్నార్రా" అన్న ప్రశ్నకి అసలు జవాబు ఇక్కడుంది. మొదట్లో ఫేస్‌బుక్‌లో ఎవరి సంగతి కావాలంటే వాళ్ల పేజీకి మనమే వెళ్లి చూడాలి. 2006 సెప్టెంబర్‌లో న్యూస్ ఫీడ్ పెట్టి, అందరి సంగతులూ ఒకేచోట మన ముందుకు తెచ్చారు. అప్పుడు వాడేవాళ్లు పెద్ద గొడవే చేశారు. ఇప్పుడు చాలా యాప్‌లలో అలాంటిదే ఉంది. పైగా మనం ఫాలో అయినవాళ్లే కాకుండా, మనకి నచ్చుతుందని యాప్ అనుకున్నవాళ్లని కూడా తెచ్చి ముందు పెడుతోంది.

"డబ్బులు తీసుకోకుండా ఇదంతా ఎలా ఇస్తున్నారు?" అని కొత్తవాళ్లు చాలామంది అడుగుతారు. అలవాటుపడిన మనం అడగడం మానేసిన మంచి ప్రశ్న ఇది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ నడిపే మెటా కంపెనీ ఆదాయంలో 95 శాతానికి పైగా ప్రకటనలదే. మనం ఎంతసేపు ఉంటే అన్ని ప్రకటనలు. అందుకే దేని దగ్గర ఆగాం, ఏది చివరిదాకా చూశాం, ఏది దాటేశాం అన్నీ లెక్కలోకి వెళ్తాయి. లైక్ కొట్టక్కర్లేదు, ఆగి చూస్తే చాలు. కోపంతో చూసినా చూసినట్టే లెక్క.

చేయించాల్సిన పని ఒకటుంది. వాళ్లకి నచ్చని వీడియో వచ్చినప్పుడు పక్కనున్న మూడు చుక్కలు నొక్కి "ఆసక్తి లేదు" అని ఎంచుకోమనండి. నచ్చిన విషయాన్ని పేరు రాసి వెతికి చూడమనండి. వారం రోజులు ఇలా చేస్తే ఫీడ్ రంగు మారుతుంది. తన మాట యాప్ వింటోందని తెలిసినప్పుడు వాళ్ల ముఖంలో ధైర్యం చూడాలి మీరు.

ఎంత జరిపినా అడుగు తగలని స్క్రీన్‌ని 2006లో తయారుచేసిన అజా రాస్కిన్ తర్వాత తనే దాన్ని తలుచుకుని బాధపడ్డాడు. పేజీ చివర అంటూ ఉంటే మనిషి ఆగి ఆలోచిస్తాడు. చివర లేదు కాబట్టి బయటి నుంచి ఒకటి పెట్టుకోవాలి. ఫోన్ సెట్టింగ్స్‌లో రోజుకి ఇంతసేపు అని ఒక్కో యాప్‌కి హద్దు పెట్టుకోవచ్చు. నోటిఫికేషన్లలో మనుషులు పంపినవి మాత్రం ఉంచి, యాప్ తనకు తానుగా పంపేవన్నీ ఆపేయించండి.

ఏడో మెట్టు: ఫార్వార్డ్ నొక్కేముందు

ఇక్కడ నేర్పేవాళ్లు ఎక్కువగా నోరు జారతారు. ఇంట్లో పెద్దవాళ్లు ఒక అబద్ధపు మెసేజ్ ఫార్వార్డ్ చేస్తే "మీకెన్నిసార్లు చెప్పాలి" అని గ్రూపులోనే కసురుతాం. తర్వాత వాళ్లు అబద్ధాలు నమ్మడం మానరు. మనకి పంపడం మానేస్తారు, అంతే.

నమ్మినవాళ్లు తెలివితక్కువవాళ్లేం కాదని ముందు మనకి అర్థం కావాలి. అమెరికాలోని ఎమ్ఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2006 నుంచి 2017 దాకా ట్విట్టర్‌లో తిరిగిన వార్తలని పరిశీలించి 2018లో ఫలితాలు ప్రచురించారు. అబద్ధపు వార్తని జనం ఇంకొకరికి పంపే అవకాశం నిజమైన వార్త కన్నా 70 శాతం ఎక్కువ అని తేలింది. యంత్రాలు నడిపే దొంగ అకౌంట్ల పని అనుకుంటే అదీ కాదు, వ్యాపింపజేసింది ప్రధానంగా మనుషులే. అబద్ధం కొత్తగా ఉంటుంది, ఆశ్చర్యపరుస్తుంది. నిజం పాపం రోజూ చూసే ముఖమే.

నేర్పాల్సినవి ఇవి. వాట్సాప్‌లో మెసేజ్ పైన ఒక బాణం గుర్తు ఉంటే పంపినవాళ్లు సొంతంగా రాయలేదని అర్థం. రెండు బాణాలుంటే అది కనీసం అయిదు చేతులు మారి వచ్చింది. అలాంటివాటిని 2020 ఏప్రిల్ నుంచి ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తున్నారు. పంపడానికి ఫోనే అడ్డుపడుతోందంటే మనం కూడా ఒక్క క్షణం ఆగొచ్చు. ఆ క్షణంలో అడగాల్సిన ప్రశ్నలు: తేదీ ఉందా? ఎక్కడ జరిగిందో ఉందా? ఎవరు చెప్పారో పేరుందా? చదవగానే నాకు ఒళ్లు మండిందా, గుండె దడదడలాడిందా? చివరిదానికి జవాబు అవును అయితే ఇంకాస్త ఆగాలి, ఎందుకంటే అలా అనిపించాలనే కొందరు రాస్తారు.

ఫోటోలకి ఇంకో ఉపాయం. గూగుల్ లెన్స్‌లో ఫోటో పెట్టి వెతికితే అది ఇంతకుముందు ఎక్కడెక్కడ వచ్చిందో చాలాసార్లు దొరుకుతుంది. నిన్నటి వరద అని వచ్చిన ఫోటో ఏడేళ్ల కిందటిదని వాళ్లంతట వాళ్లే కనిపెట్టేలా ఒకసారి చేయించండి. ఈ ఆట రుచి మరిగినవాళ్లు తర్వాత మన ఫార్వార్డులనీ పట్టుకుంటారు. నాకు అయింది, సంతోషంగానే తలవంచుకున్నాను. కృత్రిమ మేధతో చేసిన ఫోటోలూ గొంతులూ ఇప్పుడు చాలా సహజంగా ఉంటున్నాయి, వేళ్లు లెక్కపెట్టి పట్టేసే రోజులు పోయాయి. వాటి విషయంలో ఫోటోని కాకుండా ఎవరు పెట్టారన్నదాన్ని చూడడమే నమ్మకమైన దారి.

తప్పు మెసేజ్ కనిపిస్తే గ్రూపులో దిద్దకండి. విడిగా, గదిలోకి పిలిచినట్టు చెప్పండి. వాళ్లే గ్రూపులో "ఇది నిజం కాదట" అని రాస్తే పరువూ దక్కుతుంది, పదిమందికీ తెలుస్తుంది.

ఎనిమిదో మెట్టు: డబ్బు మాట వస్తే యాప్ మూసేయడం

మోసాల జాబితా చెప్పుకుంటూ పోతే తెల్లారుతుంది, రేపటికి ఇంకో రకం వస్తుంది. అందుకే ఒకటే నియమం చెప్పండి. డబ్బు, కోడ్, కార్డు నంబర్ ఏది అడిగినా యాప్ మూసేసి, ఆ మనిషికి మామూలు ఫోన్ చెయ్యాలి. తెలిసిన మనిషి ఫోటో, పేరు పెట్టి ఇంకో అకౌంట్ తెరవడానికి రెండు నిమిషాలు చాలు, కాబట్టి ఫోటో చూసి నమ్మకూడదు. "ఎవరికీ చెప్పకండి", "ఇప్పుడే పంపాలి" అన్న రెండు మాటల్లో ఒకటి వినిపించినా అనుమానించాలి.

మోసపోతే వెంటనే మీకు చెప్పేంత చనువు ఉండేలా చూసుకోండి. తిడతారన్న భయంతో దాచిపెట్టిన గంటల్లోనే నష్టం పెరుగుతుంది.

తొమ్మిదో మెట్టు: మొదటి పోస్టు

రెండు మూడు వారాలయ్యాక వాళ్లంతట వాళ్లకే ఏదో ఒకటి చెప్పాలనిపిస్తుంది. అనిపించకపోయినా ఇబ్బంది లేదు. టైపింగ్ రాక ఆగిపోతే కీబోర్డ్‌లో మైకు గుర్తు చూపించండి. తెలుగులో మాట్లాడితే తెలుగులో అక్షరాలు పడతాయి. మొదటిసారి అది చూసి నోరు తెరవనివాళ్లని నేనింకా చూడలేదు. తప్పులు పడతాయి, పంపేముందు ఒకసారి చదువుకోమనండి.

ఏం రాయాలంటే, వాళ్లకి తెలిసిందే. మా బాబాయ్ పాత రేడియోలు బాగుచేస్తాడు. సూక్తులు, శుభోదయాలు పెట్టి నెలరోజులు విసిగించాక, నేను "నీ రేడియో సంగతి పెట్టు బాబాయ్" అన్నాను. లోపల దుమ్ము పట్టిన ఒక పాత వాల్వ్ రేడియో మూత తీసి, ఏ భాగం ఎందుకు మాట్లాడట్లేదో నాలుగు నిమిషాలు చెప్పి వీడియో పెట్టాడు. చూసినవాళ్లు వందమంది కూడా లేరు. అందులో ఒకాయన మాత్రం ఎక్కడో దూరాన తన తండ్రి రేడియో పదేళ్లుగా మూగపోయి ఉందని, దాని ఫోటో పంపాడు. రెండు ఆదివారాలు వీడియో కాల్‌లో కూర్చుని ఇద్దరూ కలిసి దాన్ని పలికించారు. ఇప్పుడు బాబాయ్‌కి సోషల్ మీడియా ఎందుకని ఎవరైనా చెప్పబోతే, ఆయనే చెయ్యి అడ్డుపెట్టి వాళ్లకి ఈ కథ చెప్తాడు.

పెద్ద ఎత్తున ఏం జరిగిందో కూడా చెప్పొచ్చు. 2014 వేసవిలో తల మీద ఐసునీళ్లు పోసుకునే సవాల్‌తో ఏఎల్ఎస్ అనే నరాల జబ్బు మీద పనిచేసే అమెరికాలోని ఒక్క సంస్థకే 11.5 కోట్ల డాలర్లు వచ్చాయి. ఆ డబ్బు సాయంతో నడిచిన పరిశోధనలో 2016లో ఆ జబ్బుకి సంబంధించిన ఒక జన్యువుని గుర్తించారు. 2015లో నేపాల్ భూకంపం వచ్చినప్పుడు "నేను క్షేమం" అని ఒక్క బటన్‌తో అయినవాళ్లందరికీ చెప్పుకునే వీలుని ఫేస్‌బుక్ తెరిచింది. వినడానికి ఇవి బాగుంటాయి. కానీ కొత్తవాళ్ల మనసు మారేది మాత్రం రేడియో లాంటిదేదో తమకి జరిగినప్పుడే.

లైకుల లెక్క చూసుకుని దిగులుపడేవాళ్లకి ఒక మాట చెప్పండి: మనం పెట్టింది మన స్నేహితులందరికీ కనిపించదు, ఫీడ్ ఎంపిక చేసిన కొందరికే కనిపిస్తుంది. లైక్ రాలేదంటే నచ్చలేదని కాదు, వాళ్ల కంటపడే ఉండకపోవచ్చు.

పదో మెట్టు: బయటికి వచ్చే దారి కూడా చూపించండి

తలుపు ఎక్కడుందో తెలిస్తే లోపల కూర్చోవడం సుఖంగా ఉంటుంది. గ్రూపు గోల ఎక్కువైతే మ్యూట్ చెయ్యొచ్చు, ఎవరికీ తెలియదు. ఒకరి పోస్టులు చూడలేకపోతున్నాం కానీ బంధుత్వం చెడగొట్టుకోలేం అనుకుంటే అన్‌ఫాలో చెయ్యొచ్చు, ఫ్రెండ్‌గానే ఉంటారు. వేధించేవాళ్లని బ్లాక్ చెయ్యాలి. బ్లాక్ చేస్తే వాళ్లకి యాప్ కబురు పంపదని చెప్పండి, చాలామంది ఆ మొహమాటంతోనే ఆగిపోతారు. బ్లాక్ చేసేముందు ఆ మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు తీసి దాచుకోవాలి, ఫిర్యాదు చెయ్యాల్సి వస్తే అవే ఆధారం.

అసలే వద్దనుకుంటే అకౌంట్ తీసేయొచ్చు. ఫోన్లోంచి యాప్ తీసేస్తే అకౌంట్ పోయినట్టు కాదు, ఈ తేడా చాలామందికి తెలియదు. ఫేస్‌బుక్‌లో డిలీట్ నొక్కాక 30 రోజుల గడువుంటుంది. ఆలోపు మళ్లీ లాగిన్ అయితే రద్దు చేసుకోవచ్చు. అంతకుముందే ఫోటోలన్నీ డౌన్‌లోడ్ చేసుకునే ఏర్పాటు సెట్టింగ్స్‌లోనే ఉంది, మర్చిపోవద్దు.

మా పెద్దమ్మ చివరికి అదే చేసింది. రెండోసారి మొదటి నుంచీ మొదలుపెట్టి, ఫోన్ ఆవిడ చేతిలోనే ఉంచి నేర్పాక, ఆర్నెల్లు ఫేస్‌బుక్ వాడి, నచ్చలేదని తనే సెట్టింగ్స్ వెతుక్కుని తీసేసింది. యూట్యూబ్‌లో వయొలిన్ పాఠాలు మాత్రం వదల్లేదు. పోయినవారం ఫోన్ చేసి, "మధ్యలో ప్రకటనలు రాకుండా ఏదైనా దారుందేమో చూసి చెప్పరా, రాగం తెగిపోతోంది" అంది.